రెండు వైపులా వాలిన ముఖం: నాలుగు నాజిల్ బ్లాకుల పని

డ్రాయింగ్‌లో ముందు వ్యూలో 20 డిగ్రీలు, పక్క వ్యూలో 15 డిగ్రీలు అని ఉంది. నేను మిషన్ మీద కూడా ఒకదానికి 20, ఇంకోదానికి 15 పెట్టి కోసేశాను. కోణాలు రెండూ సైన్ బార్‌తో (ఒక చివర కింద లెక్కగట్టిన ఎత్తు పెట్టి కచ్చితమైన కోణం తెచ్చుకునే ఉక్కు పట్టీ) పెట్టినవే, డయల్‌తో (చిన్న ఎత్తు తేడానీ ముల్లుతో చూపే గేజ్) చూసుకున్నవే, అయినా పీస్ తప్పొచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా మిల్లింగ్ (తిరిగే కట్టర్‌తో లోహం కోసే మిషన్) మీద ఉన్నవాణ్ణి, వంపు జాబులు చాలానే చేశాను కానీ అవన్నీ ఒకవైపు వాలేవే. రెండు వైపులా వాలిన ముఖం, దానికి నిటారుగా ఒక బోరు (గుండ్రటి రంధ్రం), ఆ బోరు సెంటర్‌కి ఏ అంచు నుంచీ సూటిగా కొలత తీసుకునే వీల్లేకపోవడం, ఈ మూడూ ఒకే జాబులో రావడం నాకు ఇదే మొదటిసారి. ఎక్కడ తప్పు జరిగిందో, ఎలా దిద్దుకున్నానో లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందు జాబ్ ఏమిటో చెప్తాను. గుంటూరు వైపు మిర్చి క్లీనింగ్ మిషన్లు తయారుచేసే పార్టీ ఒకాయన తెచ్చారు. కాయలు పైనుంచి జారి పడుతుంటే పక్కనుంచి గాలి కొట్టి తాలు కాయల్నీ చెత్తనీ వేరే వైపుకి నెట్టే మిషన్ అది. ఆ గాలి గొట్టాన్ని పట్టుకునేదే ఈ నాజిల్ బ్లాక్. 100 మి.మీ. పొడవు, 60 వెడల్పు, పచ్చి బ్లాక్ ఎత్తు 82, మెటీరియల్ ఈఎన్8 అనే ఉక్కు. పై ముఖం పొడవు దిక్కున 20 డిగ్రీలు, వెడల్పు దిక్కున 15 డిగ్రీలు కిందకి వాలాలి. ఆ వాలు ముఖానికి నిటారుగా 20 మి.మీ. బోరు, హెచ్7 ఫిట్, అంటే 20.000 నుంచి 20.021 లోపు, లోతు 35. బోరు గీత వాలు ముఖాన్ని తాకే బిందువు ఎడమ ముఖం నుంచి 50, ముందు ముఖం నుంచి 30, అడుగు నుంచి 54 ఎత్తులో ఉండాలి. కోణానికి 10 నిమిషాల వరకు (డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు), బోరు స్థానానికి 0.05 మి.మీ. వరకు ఒప్పుకుంటామన్నారు. మొత్తం నాలుగు పీసులు.

అంత గట్టి టాలరెన్స్ ఎందుకండీ అని అడిగాను. గాలి వెళ్లి తగలాల్సిన చోటు నాజిల్‌కి 400 మి.మీ. దూరంలో ఉందట, నాలుగు నాజిళ్లూ ఒకే గీత మీద కొట్టాలట, ఒక్కటి పక్కకి పోయినా అక్కడ తాలు కాయ మంచి కాయల్లో కలిసిపోతుందట. అది విన్నాక ఇంక బేరం ఆడబుద్ధి కాలేదు.

మా షెడ్డులో ఉన్నది ఎం1టీఆర్ మిల్లింగ్, రెండు యాక్సిస్‌లకి డీఆర్ఓ (బెడ్ ఎంత జరిగిందో అంకెల్లో చూపేది), కోణానికి వంచుకునే ఒక టిల్టింగ్ టేబుల్, ఒక టిల్టింగ్ వైస్, 100 మి.మీ. సైన్ బార్, స్లిప్ గేజ్ సెట్టు (కచ్చితమైన మందమున్న ఉక్కు దిమ్మలు, వీటినే స్లిప్పులంటాం), కొలతలకి వాడే సమతలమైన ఒక గ్రానైట్ సర్ఫేస్ ప్లేట్. ఫైవ్ యాక్సిస్ మిషన్ ఉన్నచోట ఇది చిన్న పనే, కానీ నాలుగు పీసుల కోసం అక్కడికి వెళ్లి ప్రోగ్రామ్ చేయించుకుని వరుసలో నిలబడే ఓపిక పార్టీకి లేదు. హెడ్ (కట్టర్‌ని తిప్పే స్పిండిల్ ఉన్న పైభాగం) వంచి కోస్తే పోలేదా అని ఎవరైనా అడగొచ్చు. వంచొచ్చు. కానీ హెడ్ వంచాక బెడ్ ఎత్తే దిక్కు, స్పిండిల్ దిక్కు ఒకటి కావు. బెడ్ ఎత్తిన ప్రతిసారీ కట్టర్ సెంటర్ జాబ్ మీద పక్కకి జరుగుతుంది, మన కొలతలన్నీ దానితోపాటే జరుగుతాయి. పని అయ్యాక హెడ్‌ని మళ్లీ డయల్ తిప్పి నిటారు చేసుకోవడం వేరే. అందుకే నా పద్ధతి, హెడ్‌ని కదపను, జాబ్‌నే వంచుతాను.

మొదటి పీస్‌కి బెడ్ మీద టిల్టింగ్ టేబుల్ బిగించి, దాని మీద టిల్టింగ్ వైస్ అడ్డంగా కూర్చోబెట్టాను. వైస్‌ని 20కి, కింద టేబుల్‌ని 15కి సెట్ చేశాను. కోశాక ముఖం అద్దంలా వచ్చింది. చూడ్డానికి ఏ లోపమూ లేదు. దాన్ని సర్ఫేస్ ప్లేట్ మీదకి తీసుకెళ్లి సైన్ బార్ మీద పెట్టి చూడమని మా కుర్రాడికి చెప్పాను. ఐటీఐలో మెషినిస్ట్ చేసొచ్చినవాడు, కొలత విషయంలో తొందరపడడు.

ఈ చెకింగ్ ఎలాగో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు బయటపడింది ఇక్కడే. సైన్ బార్ కింద 34.202 స్లిప్పులు పెడితే 20 డిగ్రీలు. 100ని సైన్ 20తో గుణిస్తే వచ్చే ఎత్తు అది. జాబ్ పొడవుని బార్ పొడవు వెంట ఉంచి, ముఖం పల్లంగా ఉన్న చివరని బార్ ఎత్తుగా ఉన్న వైపు పెట్టి, డయల్‌ని ఆ దిక్కునే నడిపితే ముల్లు కదలకూడదు. అలాగే 25.882 పెడితే 15 డిగ్రీలు, ఈసారి జాబ్ వెడల్పుని బార్ వెంట ఉంచి అటే నడపాలి. డ్రాయింగ్‌లో ఏ వ్యూలో ఏ కోణం ఉందో అదే కోణాన్ని ఇలా విడిగా చూసుకోవచ్చు.

కాసేపటికి వాడు పిలిచాడు. "అన్నా, 20 వైపు ముల్లు కదలట్లేదు. 15 వైపు మాత్రం 50 మి.మీ. నడిపితే 0.8 తిరుగుతోంది. నేనేమైనా తప్పు పెట్టానా చూడు."

స్లిప్పులు మళ్లీ తుడిచి పెట్టి నేనే చూశాను. అదే 0.8. 50 మి.మీ.కి 0.8 అంటే దాదాపు 55 నిమిషాల తేడా. జాబ్ వెడల్పు ముఖం 15కి బదులు 15 డిగ్రీల 55 నిమిషాలు వాలింది. 10 నిమిషాలు ఒప్పుకునే చోట 55. టేబుల్ జారిందేమోనని మిషన్ మీద మళ్లీ సైన్ బార్ పెట్టి చూస్తే అక్కడ సరిగ్గా 15 ఉంది. జారుంటే నా మనసు కుదుటపడేది. జారలేదు, పెట్టినదే తప్పు.

ఆ రాత్రి ఇంట్లో కాగితం మీద వేసుకుంటే అర్థమైంది. పక్క వ్యూలో 15 డిగ్రీలంటే 100 మి.మీ. వెడల్పుకి ముఖం 26.79 మి.మీ. దిగాలి. ఈ 26.79 జాబ్ అడుగుకి నిలువుగా కొలిచినది. మనం ముందు వైస్‌తో జాబ్‌ని 20 డిగ్రీలు వంచేశాం కదా, దాంతోపాటు ఈ నిలువు గీత కూడా 20 డిగ్రీలు ఒరిగిపోయింది. గోడకి ఆనించిన నిచ్చెనని చూడండి, నిచ్చెన పొడవు మారదు, కానీ అది నేల నుంచి అందుకునే ఎత్తు తగ్గుతుంది. అలాగే ఒరిగిన 26.79కి ఇప్పుడు మిషన్ నిలువు దిక్కులో మిగిలేది కాస్ 20 వంతే. 26.79ని 0.9397తో గుణిస్తే దాదాపు 25.18. వెడల్పు మాత్రం వంపు ఇరుసు వెంటే ఉంది కాబట్టి అది 100గానే ఉంటుంది. 100కి 25.18 అంటే 14 డిగ్రీల 8 నిమిషాలు. కింద టేబుల్‌కి పెట్టాల్సింది 15 కాదు, ఇది.

లెక్కగా రాసుకుంటే, టాన్ 15ని కాస్ 20తో గుణించి, వచ్చినదానికి కోణం తీయాలి. ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్ చాలు. వరుస మాత్రం మారకూడదు. జాబ్‌కి దగ్గరగా, అంటే పైన ఉన్న వంపుకి డ్రాయింగ్ కోణం యథాతథంగా వస్తుంది, బెడ్‌కి దగ్గరగా కింద ఉన్న వంపుకి దిద్దిన కోణం వస్తుంది. అదే పైన 15 పెట్టుకుని కింద రెండోది పెడదామనుకుంటే కింద 20 కాదు, 19 డిగ్రీల 22 నిమిషాలు పెట్టాలి. నా మొదటి పీస్‌లో 20 వైపు కచ్చితంగా వచ్చి 15 వైపే ఎందుకు పోయిందో దీంతో తేలిపోయింది. పైన పెట్టిన 20కి దిద్దుబాటు అక్కర్లేదు, కింద పెట్టిన 15కే కావాలి.

కోణాలు చిన్నవైతే ఈ తేడా కనపడదు. 3 డిగ్రీలు, 2 డిగ్రీల వాలు అయితే పది సెకన్లు కూడా రాదు, అందుకే ఇన్నేళ్లూ రెండు కోణాలూ డ్రాయింగ్‌లో ఉన్నట్టే పెట్టి నెట్టుకొచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. 20, 15 దగ్గరకొచ్చేసరికి గాలి 400 మి.మీ. దూరంలో 6 మి.మీ. పక్కకి కొడుతుంది.

ఇంకో దారి కూడా ఉంది. రెండు వంపులూ కలిసి చివరికి ఒకే వాలు కదా, ఆ అసలు వాలు 24 డిగ్రీల 19 నిమిషాలు. జాబ్‌ని నిలువు ఇరుసు మీద 36 డిగ్రీల 22 నిమిషాలు తిప్పి బిగించి ఒక్క వంపుతో కోసేయొచ్చు. ఒక్క పీస్ అయితే నేనూ అలాగే చేసేవాణ్ణి. నాలుగింటికి మాత్రం వద్దనుకున్నాను. జాబ్‌ని ప్రతిసారీ 36 డిగ్రీల 22 నిమిషాల దగ్గరే ఆపే స్టాపర్లు కావాలి, ఆ స్టాపర్లని ఆ కోణంలో కూర్చోబెట్టడమే ఒక పెద్ద సెట్టింగ్. దానికన్నా వైస్ బదులు టిల్టింగ్ టేబుల్ మీద పెట్టుకునే 20 డిగ్రీల వెడ్జ్ (ఏటవాలు దిమ్మ) ఒకటి చేసుకుంటే దాని అంచు బెడ్ పొడవుతో సమాంతరంగా ఉంటుంది, డయల్ పెట్టి చూసుకోవడం తేలిక.

180 పొడవు, 90 వెడల్పు ముక్క తీసుకుని, వైస్‌లో సైన్ బార్‌తో ఒరగబెట్టి, పైన జాబ్ కూర్చునే సీటు కోశాను. ఇక్కడ చేసిన పనే తర్వాత నన్ను గట్టెక్కించింది. సీటు కోశాక వెడ్జ్‌ని వైస్ నుంచి తియ్యకుండా, అదే సెట్టింగ్‌లో, డీఆర్ఓ మీదే మూడు డోవెల్ పిన్నుల (జాబ్ ఆనుకునే గుండ్రటి ఉక్కు పిన్నులు) రంధ్రాలు వేసి రీమ్ చేశాను, అంటే రీమర్‌తో కచ్చితమైన సైజుకి నున్నగా చేశాను. ముందు రెండు, ఎడమ పక్క ఒకటి. జాబ్ ముందు ముఖం ఆ రెండింటికి, ఎడమ ముఖం ఒకదానికి ఆనాలి. వెడ్జ్ కుడివైపు ఎత్తు, టేబుల్ వంచితే వెనకవైపు ఎత్తు, కాబట్టి జాబ్ తన బరువుతో తానే ముందుకి, ఎడమకి జారి పిన్నులకి ఆనుకుంటుంది. దాన్ని చేత్తో నెట్టి పట్టుకోనక్కర్లేదు.

అదే సెట్టింగ్‌లో ఇంకొక రంధ్రం, 10 మి.మీ.ది, రీమర్‌తో. జాబ్ కూర్చునే మూల నుంచి కుడికి 115, వెనక్కి 30. అంటే జాబ్ కుడి చివర దాటాక 15 మి.మీ. అవతల. ఇది బాల్ కోసం.

బాల్ ఎందుకంటే, జాబ్‌ని రెండు వైపులా వంచాక 50, 30, 54 అనే కొలతలు ఎక్కడి నుంచి తీయాలో తెలీదు. ఎడమ ముఖం ఒరిగిపోయింది, ముందు ముఖం ఒరిగిపోయింది, ఎడ్జ్ ఫైండర్ (అంచు ఎక్కడుందో పట్టే పనిముట్టు) ఒరిగిన ముఖానికి ఏ ఎత్తులో తగిలితే ఆ కొలత చూపిస్తుంది. మూల అంచు పట్టుకుందామంటే అంచున మిగిలే చిన్న బర్‌కే (లోహపు ముళ్లు) ఆ కొలత మారిపోతుంది. ఎటు వంచినా, ఎటు తిప్పినా సెంటర్ మారని ఆకారం ఒక్కటే, గోళం. వంచకముందు దాని సెంటర్ జాబ్ మూల నుంచి ఎంత దూరమో తెలిస్తే చాలు, వంచాక అది ఎక్కడికి వెళ్తుందో లెక్క చెప్తుంది. దీనికోసం టూల్‌రూముల్లో తోకున్న బాల్ పిన్నులు వాడతారు. నా దగ్గర లేవు. ఆటోనగర్‌లో బేరింగ్ షాపులకి కొదవ లేదు కాబట్టి 12 మి.మీ. బేరింగ్ బాల్ తెచ్చుకున్నాను. మైక్రోమీటర్‌తో ఐదారు దిక్కుల్లో చూశాను, ఎటు చూసినా 12.00, వెంట్రుక వాసి తేడా కూడా లేదు. మనం తయారుచేసుకునే ఏ పిన్నూ అంత గుండ్రంగా రాదు.

10 మి.మీ. రంధ్రం అంచు మీద 12 మి.మీ. బాల్ కూర్చుంటే దాని సెంటర్ సీటు పైన 3.317 ఎత్తులో ఉండాలి. ఆరు వర్గంలోంచి ఐదు వర్గం తీసేసి మూలం కడితే అదే వస్తుంది. రంధ్రానికి చాంఫర్ కొట్టకూడదు (అంచుని ఏటవాలుగా కోయకూడదు), కొడితే బాల్ దిగిపోతుంది. నేను బర్ పోవడానికి ఆయిల్ స్టోన్‌తో పైపైన ఒక్కసారి రుద్దాను, అంతే. బాల్‌ని అంచు మీద కూర్చోబెట్టి, కూర్చున్నాక పక్కనుంచి ఫెవిక్విక్ ఒక్క చుక్క వేసి, ఆరాక సీటు నుంచి బాల్ పైభాగం ఎత్తు డయల్‌తో కొలిస్తే 9.31 వచ్చింది. వ్యాసార్ధం 6 తీసేస్తే 3.31. లెక్క 3.317 అంది, కొలత 3.31 అంది, నేను కొలతనే తీసుకున్నాను. ఆ ఏడు మైక్రాన్లు ఆయిల్ స్టోన్ తిన్నదే అయ్యుంటుంది.

ఇక బిగింపు. పై ముఖమంతా కట్టర్ తిరగాలి కాబట్టి పైనుంచి క్లాంప్ పెట్టే వీల్లేదు. కిందనుంచి బోల్టు వేద్దామంటే ప్రతి పీస్‌కీ వెడ్జ్ ఊడదీయాలి. పార్టీకి ఫోన్ చేసి, ముందు వెనక ముఖాల మీద అడుగుకి దగ్గరగా 8 వెడల్పు, 6 లోతు గాడి పెట్టుకోవచ్చా అని అడిగాను. "ఆ పక్కలు ఖాళీగానే ఉంటాయి, పెట్టుకోండి" అన్నారు. ఒక్క ఫోన్‌తో సగం టెన్షన్ పోయింది. క్లాంపు ముక్కు ఆ గాడిలో దూరి జాబ్‌ని సీటుకి అదుముతుంది, కట్టర్‌కి అందనంత కింద ఉంటుంది.

టిల్టింగ్ టేబుల్ సెట్టింగ్‌కి ఒక పూట పట్టింది, పట్టనిచ్చాను. ముందు హెడ్ నిటారుగా ఉందో లేదో బెడ్ మీద డయల్ గుండ్రంగా తిప్పి చూసుకున్నాను. తర్వాత టిల్టింగ్ టేబుల్ ఇరుసు బెడ్ పొడవుతో సమాంతరంగా ఉండేలా దాని అంచు వెంట డయల్ నడిపాను. కోణం పెట్టడానికి సైన్ బార్‌ని వంచిన టేబుల్ మీదే, వాలుకి ఎదురుగా పెట్టాను, టేబుల్ పల్లంగా ఉన్న వైపు స్లిప్పులు. 24.417 కావాలి, 20, 2, 1.41, 1.007 కలిపితే వస్తుంది. టేబుల్ కచ్చితంగా 14 డిగ్రీల 8 నిమిషాల దగ్గరుంటే సైన్ బార్ పైభాగం సమతలంగా ఉంటుంది, డయల్ ముల్లు నిలబడిపోతుంది. 14 డిగ్రీల వాలు మీద నూనె తుడిచేసిన బార్ కూడా జారొచ్చు, కింద స్టాపర్ లేకుండా పెట్టొద్దు.

ముల్లు సున్నాకి తెచ్చి లాక్ బోల్టులు బిగిస్తే 0.04 కదిలింది. వదిలి మళ్లీ బిగిస్తే మళ్లీ అంతే. ఒక బోల్టు పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్తుంటే టేబుల్ మెలికపడుతోంది. రెండింటినీ పావు పావు చుట్టు మార్చి మార్చి బిగిస్తూ, డయల్‌ని కళ్లముందే పెట్టుకుని, చివరి కోణం బిగింపులోనే వచ్చేలా చూసుకున్నాను. 80 మి.మీ. నడకలో 0.01 దగ్గర ఆగింది, అంటే అర నిమిషం కన్నా తక్కువ. ఎత్తుగా ఉన్న వైపు కింద స్క్రూ జాక్ పెట్టి ఊతం ఇచ్చాను, లేకపోతే కట్టర్ తోపుకి టేబుల్ వణుకుతుంది.

బిగించాక వెడ్జ్ పక్క అంచు మీద కూడా డయల్ నడపాలి. వెడ్జ్ టేబుల్ మీద కాస్త మెలితిరిగి కూర్చున్నా రెండు కోణాలూ చెడతాయి.

ఇప్పుడు బాల్‌ని పట్టుకోవడం. స్పిండిల్‌కి లివర్ డయల్ పెట్టి బాల్ చుట్టూ తిప్పాలి. నడుము దగ్గర తిప్పుదామంటే సీటు వాలుగా ఉంది కదా, ఎత్తు వైపు డయల్ ముల్లు సీటుకి తగిలింది. గోళానికి ఏ ఎత్తులో అడ్డంగా కోసినా వృత్తమే, వాటన్నిటి సెంటరూ ఒకే నిలువు గీత మీద ఉంటుంది. అందుకని నడుముకి రెండు మూడు మి.మీ. పైన తిప్పాను. క్విల్ (స్పిండిల్‌ని పైకీ కిందకీ నడిపే గొట్టం) లాక్ చేసి తిప్పాలి, ఎత్తు కొంచెం మారినా అక్కడ రీడింగ్ మారుతుంది. చుట్టూ 0.01 లోపు వచ్చాక డీఆర్ఓ రెండూ సున్నా చేశాను.

బాల్ సెంటర్ నుంచి మనకి కావాల్సిన బిందువుకి జాబ్ దిక్కుల్లో దూరం ఎడమకి 65, వెడల్పు దిక్కున ఏమీ లేదు, పైకి 54లోంచి 3.31 పోతే 50.69. దీన్ని ముందు 20 డిగ్రీలు తిప్పితే ఎడమకి 78.417, పైకి 25.402 అవుతుంది. ఆ 25.402ని 14 డిగ్రీల 8 నిమిషాలు తిప్పితే ముందుకి 6.202, పైకి 24.633. ఎడమ దూరం మారదు. సరిచూసుకోవడానికి చిన్న కిటుకు ఉంది, తిప్పకముందు మూడు దూరాల వర్గాల మొత్తం, తిప్పాక మొత్తం ఒకటే రావాలి. రెండుచోట్లా 6794.5 వచ్చింది. తిప్పినంత మాత్రాన దూరం పెరగదు, తగ్గదు. ఈ మొత్తం తేడా వస్తే ఎక్కడో తప్పు నొక్కామని అర్థం.

బాల్ పైభాగం సెంటర్ కంటే 6 ఎత్తు, కాబట్టి పూర్తయిన ముఖం బాల్ పైభాగానికి 18.633 ఎత్తులో ఉండాలి. డయల్‌ని స్పిండిల్‌కి పెట్టి బాల్ నెత్తి మీద సున్నా చేసి, బెడ్‌ని 18.63 దింపాను. హ్యాండిల్ ప్లే పోవడానికి ఇంకా కిందకి దించి మళ్లీ పైకి తెచ్చాను. ఇప్పుడు అదే డయల్ కోసిన ముఖం మీద సున్నా చూపిస్తే ముఖం సరైన ఎత్తుకి వచ్చినట్టు. కట్టర్ బాల్ మీదుగా పోయినా 18 మి.మీ. ఖాళీ ఉంది, ఆ చోటు ఎంచుకున్నదీ అందుకే. బాల్‌ని జాబ్‌కి ఎడమవైపు పెట్టుంటే జాబ్ దాని మీదకి ఒరిగి కప్పేసేది.

కోత గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఎక్కువ ఉన్న మెటీరియల్‌ని ముందే మార్కింగ్ చేసి బ్యాండ్ సా మీద తీసేశాం. 50 మి.మీ. ఇన్సర్ట్ కట్టర్, 760 ఆర్పీఎం దగ్గర, కోతకి ఒక మి.మీ. చొప్పున, చివర 0.3 ఉంచి కొలిచి, ఆ మిగిలినదే తీశాను. ముఖం అయ్యాక అదే బిగింపులో డీఆర్ఓ మీద ఎడమకి 78.417, ముందుకి 6.202 వెళ్లి సెంటర్ డ్రిల్, 18 డ్రిల్, బోరింగ్ హెడ్‌తో 19.85, ఆఖరున 20 రీమర్. డ్రిల్ దిగేసరికి ముఖం దానికి నిటారుగా ఉంది కాబట్టి పక్కకి జారే ప్రసక్తి లేదు. పచ్చి బ్లాక్ మీదే ముందు బోరు వేద్దామనుకునేవాళ్లు ఉంటారు, వద్దు. డ్రిల్ వాలు మీద దిగితే ఎక్కడికి పోతుందో అదే తేల్చుకుంటుంది. బోరింగ్ హెడ్ పాస్ తప్పనిసరి, రీమర్ రంధ్రం సైజు దిద్దుతుంది కానీ సెంటర్‌ని దిద్దదు.

ఇదంతా మే నెల. మధ్యాహ్నం మా రేకుల షెడ్డులో నిలబడలేం. 100 మి.మీ. స్టీల్ 10 డిగ్రీల వేడికి 0.012 దాకా సాగుతుంది. జాబ్, స్లిప్పులు, వెడ్జ్ అన్నీ స్టీలే, అన్నీ కలిసి సాగితే ఇబ్బంది లేదు. ఇబ్బంది కట్టర్ కింద వేడెక్కిన జాబ్ ఒకవైపు, నీడలో ఉన్న స్లిప్పులు ఇంకోవైపు ఉన్నప్పుడు. అందుకని ముఖం సాయంత్రం కోసి వదిలేసి, బోరు మర్నాడు పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం.

అయిన పీస్‌ని చూసే పద్ధతి నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చింది. కోణాలు సైన్ బార్ మీద ఇందాక చెప్పినట్టే. బోరు స్థానం ఎలా కొలవాలి, ఆ బిందువు ఖాళీలో ఉంది. 25 మి.మీ. బాల్ ఒకటి తెచ్చి బోరు నోటి మీద కూర్చోబెట్టాను. 20 బోరు మీద 25 బాల్ కూర్చుంటే సెంటర్ ముఖానికి సరిగ్గా 7.5 ఎత్తులో ఉంటుంది, 12.5, 10, 7.5 ఎప్పుడూ చూసే 5, 4, 3 త్రిభుజమే. బాల్ కదలకుండా బోరులో చిన్న మాగ్నెట్ వేశాను, అది బాల్‌కి తగలకుండా లోపలే ఉండేలా చూసుకుని. జాబ్‌ని ఎడమ ముఖం మీద నిలబెట్టి బాల్ నెత్తి ఎత్తు చూస్తే 64.988 రావాలి, ముందు ముఖం మీద నిలబెడితే 44.331, మామూలుగా అడుగు మీద ఉంచితే 73.334. స్లిప్పులు పేర్చి డయల్‌తో పోల్చుకోవడమే. ఈ మూడు అంకెల్లో కోణం, ఎత్తు, బోరు స్థానం అన్నీ కలిసి ఉంటాయి, ఎక్కడ తప్పినా ఏదో ఒక అంకె చెప్పేస్తుంది.

మా కుర్రాడు కొలుస్తుంటే నేను పక్కన నిలబడ్డాను. 64.99, 44.35, 73.32. నాలుగు పీసుల్లో ఎక్కువ తేడా మూడోదానికి వచ్చింది, 0.03. దాని కింద సీటు మీద చిన్న చిప్పు (కోతలో రాలిన లోహపు తునక) ఇరుక్కుందని గాట్లు చూస్తే తెలిసింది, నాలుగోదానికి ముందు సీటుని గుడ్డతో కాకుండా అరచేత్తో తుడిచి చూసుకున్నాం, చెయ్యి పట్టుకున్నది గుడ్డ పట్టుకోదు. కోణాలు రెండు నిమిషాల లోపే ఉన్నాయి.

పార్టీ వచ్చి తీసుకెళ్లారు. చెడిపోయిన మొదటి బ్లాక్ డబ్బులు నేనే పెట్టుకున్నాను, లెక్క తప్పింది నాది. పది రోజుల తర్వాత ఫోన్ చేసి నాజిళ్లు నాలుగూ ఒకే గీత మీద కొడుతున్నాయని, మిషన్ రెండో వైపుకి అద్దంలో చూసినట్టుండే జాబులు ఇంకో నాలుగు కావాలని చెప్పారు. వాటికి వెడ్జ్ అలాగే ఉంటుంది, టేబుల్ మాత్రం ముందు వైపు ఎత్తుగా అటు వంచాలి, ముందున్న రెండు డోవెల్లు వెనక్కి మార్చాలి. జాబ్ వెడల్పు 60, బాల్ 30 దగ్గర ఉంది, అంటే సరిగ్గా మధ్యలో, కాబట్టి బాల్ ఊడదీయనక్కర్లేదు. ఎడమకి అదే 78.417, ముందుకి బదులు వెనక్కి 6.202. వెడ్జ్ పక్కన ఈ అంకెలు, 20, 14-8 అని పంచ్‌తో కొట్టి, బాల్‌కి గ్రీజు పూసి, డబ్బా మూత బోర్లించి ర్యాక్‌లో పెట్టాం. కొత్త బ్లాకులు సోమవారం వస్తాయి.